ఆ చుక్క గద్దా, విమానమా? విశాఖ ఆకాశాన్ని గమనించడానికి అంచెలవారీ మార్గదర్శి

బీచ్ రోడ్డులో బైనాక్యులర్ మెడలో వేసుకుని నిలబడితే చాలు, వాకింగ్‌కి వచ్చినవాళ్లు ఆగి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అంత పైన పోయేది విమానమని ఎలా చెప్పగలరండీ? నా కంటికి గద్దలాగే ఉంది." రెండో ప్రశ్న ఫొటో గురించి. గద్ద, విమానం ఒకే ఫ్రేములో పడాలంటే ఎక్కడ నిలబడాలి, ఏ వేళకు వెళ్లాలి?

ఇంతమంది అడిగాక విడివిడిగా చెప్పడం మాని మొత్తం వరసగా రాస్తున్నాను. మొదటి అంకం లెక్కలతో ఉందని దాటేయకండి. మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది.

1. ముందు ఒక లెక్క: కన్ను ఎందుకు పొరబడుతుంది

నడినెత్తిన 35,000 అడుగుల ఎత్తులో పోయే ఎయిర్‌బస్ ఏ320 మనకు సుమారు 10.7 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఒక రెక్క కొస నుంచి ఇంకో రెక్క కొసకు దాదాపు 36 మీటర్లు. మన ఊళ్లో ఎటు చూసినా కనిపించే మామూలు గద్ద రెక్కలు చాస్తే ఒకటిన్నర మీటరు. ఆ గద్ద 450 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. రెండూ కంటికి ఒకే సైజులో కనిపిస్తాయి: నిండు చందమామ వెడల్పులో మూడో వంతుకు కాస్త పైన.

వేగమైనా ఆదుకుంటుందా అంటే అదీ లేదు. విమానం గంటకు 850 కిలోమీటర్లు పోతుంది, అంటే సెకనుకు 236 మీటర్లు. గద్ద తీరిగ్గా తేలుతూ సెకనుకు 10 మీటర్లు పోతుంది. కానీ దూరాల తేడా వల్ల ఆకాశం మీద రెండూ ఒకే తీరులో జరుగుతున్నట్టు ఉంటాయి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఆ పిడికిలిని దాటడానికి గద్దకూ, జెట్‌కూ ఇద్దరికీ 8 సెకన్లే.

కాబట్టి "చిన్నగా ఉంది, పక్షే", "నెమ్మదిగా పోతోంది, పక్షే" అనే రెండు మాటలూ పక్కన పెట్టేయండి. సైజు, వేగం ఏమీ చెప్పవు. చెప్పేవి మూడు, ఈ వరసలోనే చూడాలి:

- దారి: పది సెకన్ల పాటు దాని ముందు ఏదైనా స్థిరమైనది పెట్టుకుని చూడండి, కరెంటు తీగో, కొబ్బరి మట్టో, మేడ అంచో. విమానం స్కేలు పెట్టి గీసినట్టు పోతుంది. గద్ద పది సెకన్లలో ఎటో ఒక పక్కకు ఒరుగుతుంది, సుడి తిరుగుతుంది.
- ఒంపు: రెక్క ఆడించడం లేదు కదా అని విమానం అనేయకండి. గద్ద నిమిషాల తరబడి రెక్క ఆడించదు. కానీ తోకను చుక్కానిలా అటూ ఇటూ మెలితిప్పుతూనే ఉంటుంది. ఒరిగినప్పుడు దాని రూపం సన్నబడి మళ్లీ వెడల్పవుతుంది.
- వెనకాల: తెల్లని చార ఉంటే ఇక అనుమానం లేదు. చార లేకపోతే మాత్రం అది దేనికీ రుజువు కాదు. పైన గాలి బాగా చల్లగా, తగినంత తేమతో ఉంటేనే చార కడుతుంది.

చప్పుడును చివరికి వదిలిపెట్టండి. అంత ఎత్తు నుంచి శబ్దం మన దాకా రావడానికి అర నిమిషం పైనే పడుతుంది. ఈలోగా విమానం ఏడెనిమిది కిలోమీటర్లు ముందుకు పోయి ఉంటుంది. చప్పుడు వచ్చిన చోట చూస్తే ఖాళీ ఆకాశమే. ఆ ఖాళీలో గద్ద ఒకటి తిరుగుతుంటే, దానికే చప్పుడు అంటగట్టేస్తాం. చప్పుడు వినిపించిన చోటు నుంచి అది జరుగుతున్న వైపు మూడు నాలుగు పిడికిళ్లు ముందుకు చూడండి, విమానం అక్కడ దొరుకుతుంది.

2. వెంట ఏం ఉండాలి

బైనాక్యులర్ మీద 8x42 అని ఉంటే 8 రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం 42 మిల్లీమీటర్లని అర్థం. ఇద్దరికీ, అంటే పక్షికీ విమానానికీ, నేను సిఫారసు చేసేది ఇదే. 10x కొంటే ఇంకా బాగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. సముద్రపు గాలిలో చేతులు వణుకుతాయి, ఆ వణుకు కూడా 10 రెట్లవుతుంది. పైగా చూపు పట్టే వెడల్పు తగ్గి, తిరిగే పక్షి చేజారిపోతుంది. 20x, 30x అని రాసిన చవక సరుకు జోలికి అసలు పోవద్దు.

కొన్నాక చాలామంది వదిలేసే పని ఒకటుంది: కళ్లకు తగ్గట్టు సరిచేసుకోవడం. ఒక్కసారి చేస్తే చాలు.

- రెండు గొట్టాలనూ దగ్గరకు, దూరంగా వంచుతూ రెండు వృత్తాలూ కలిసి ఒకటే వృత్తంగా కనిపించేలా చూసుకోండి.
- కుడివైపు అద్దానికి మూత పెట్టి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డు చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టంగా తెచ్చుకోండి.
- ఇప్పుడు ఎడమవైపు మూత పెట్టండి. మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడికంటి దగ్గరున్న చిన్న రింగు మాత్రమే తిప్పి అదే బోర్డును స్పష్టం చేసుకోండి.
- ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి. ఇక దాన్ని కదపనక్కర్లేదు.
- కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు కంటి దగ్గర రబ్బరు కప్పులను లోపలికి నొక్కేయాలి. లేకపోతే సగం ఆకాశమే కనిపిస్తుంది.

ఇంటి నుంచి బయల్దేరే ముందు చూసుకోవలసినవి:

☐ బైనాక్యులర్, అద్దం తుడిచే మెత్తని గుడ్డ (సముద్రపు ఉప్పు తేమ గంటలో పొర కడుతుంది, ముందు ఊది, తర్వాతే తుడవాలి)
☐ ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్24 (విమానాలను చూపే యాప్), ఈబర్డ్ (చూసిన పక్షులను నమోదు చేసేది), మెర్లిన్ (పక్షి పేరు చెప్పేది)
☐ చిన్న నోటుబుక్, పెన్సిల్ (చెమట చేతులకు పెన్నుకన్నా పెన్సిలే మేలు)
☐ అంచున్న టోపీ, నీళ్ల సీసా
☐ గుర్తింపు కార్డు (ఎందుకో 9వ అంకంలో చెప్తాను)

3. ఎక్కడ నిలబడాలి

మన విమానాశ్రయం నౌకాదళ వైమానిక కేంద్రం ఐఎన్ఎస్ డేగా ఆవరణలో ఉంది. డేగ అంటే మనకు వేటపక్షి. పక్షి పేరున్న చోటే విమానాలు దిగుతున్నాయన్నమాట! పెద్ద రన్‌వే పేరు 10/28. ఈ అంకెలకు చివర సున్నా చేర్చితే దిక్కు వస్తుంది: 28 అంటే దిక్సూచి మీద 280 డిగ్రీలు, పడమరకు కాస్త ఉత్తరంగా ముక్కు పెట్టి దిగడం. అంటే ఆ విమానాలు సముద్రం మీద నుంచి వచ్చి, హార్బర్ మీదుగా దిగుతాయి. విమానం ఎప్పుడూ ఎదురుగాలికే దిగాలని చూస్తుంది. కాబట్టి ఏ రోజు ఏ వైపు నుంచి దిగుతున్నాయో బయల్దేరే ముందు యాప్‌లో చూసుకోండి.

సముద్రం వైపు నుంచి దిగే రోజైతే, నేను మొదట చెప్పే చోటు ఆర్కే బీచ్ దక్షిణపు కొస. కాళీమాత గుడి దాటి కోస్టల్ బ్యాటరీ వైపు నడిచి, డాల్ఫిన్స్ నోస్ వైపు ముఖం పెట్టి నిలబడండి. అక్కడి నుంచి రన్‌వే సుమారు 8-9 కిలోమీటర్లు. విమానాలు మామూలుగా 3 డిగ్రీల వాలులో దిగుతాయి. అంటే కిలోమీటరుకు 52 మీటర్లు. లెక్క వేస్తే తీరం దాటేటప్పుడు దాని ఎత్తు 1,400-1,500 అడుగులు, సుమారు 450 మీటర్లు.

ఇందాకటి గద్ద ఎత్తు గుర్తుందా? అదే 450. ఫిషింగ్ హార్బర్ చేపల కోసం గుమిగూడే గద్దలు, గరుడ పక్షులు సుళ్లు తిరుగుతూ లేచేది కూడా ఈ ఎత్తుల దాకానే. నేను చెప్పే చోట్లలో పక్షీ, విమానమూ నిజంగా ఒకే గాలిని పంచుకునే చోటు ఇదే. మిగతా చోట్ల మన చూపు మాత్రమే వాటిని పక్కపక్కన పెడుతుంది.

ఒక వేకువన అక్కడ నిలబడితే వల భుజాన వేసుకున్న పెద్దాయన ఆగి, "ఏటి బాబూ, పైకి సూత్తన్నావు?" అన్నాడు. గెద్దల్ని మావా, అన్నాను. "గెద్దలు ఒకే పక్కకి ఒంగి దిగుతున్నాయంటే బోటు వొచ్చేసినట్టే" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ మాట ఇప్పటికీ నాకు ఏ యాప్ కన్నా ముందు పనికొస్తుంది. బోట్లు తిరిగొచ్చే పొద్దున వేళే గద్దలు కిందికి దిగుతాయి. వేట సరుకు అయిపోయి ఎండ ఎక్కాక పైకి లేస్తాయి.

మిగతా చోట్లు ఒక్కొక్కటి ఒక్కో పనికి:

- కైలాసగిరి: సముద్రపు గాలి కొండకు కొట్టుకుని పైకి లేస్తుంది. ఆ గాలి మీద గద్దలు రెక్క ఆడించకుండా మన కంటి మట్టానికే వచ్చి నిలుస్తాయి. గద్ద వీపు చూడాలంటే ఇంతకు మించిన చోటు లేదు. కొత్తవాళ్లు మొదటి పాఠం ఇక్కడే నేర్చుకోవాలి.
- తొట్లకొండ: పైన పోయే జెట్‌లకు. భీమిలి దారిలో, నగరపు దీపాలకు దూరంగా, సముద్రం మీది ఆకాశం విశాలంగా దొరుకుతుంది. కలకత్తా, చెన్నై మధ్య తిరిగేవి తీరం వెంబడే పోతాయి.
- ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాలు: నీటికాకులు, కొంగలు. మేఘాద్రిగెడ్డ విమానాశ్రయానికి దగ్గర, కాబట్టి అక్కడ కెమెరా విషయంలో మరింత జాగ్రత్త.
- బీచ్ రోడ్డులోని టీయూ-142 విమాన మ్యూజియం: ఇది పక్షుల కోసం కాదు, కన్ను అలవాటు కావడానికి. నిజమైన విమానం కింద నిలబడి వెనక్కి వాలిన రెక్క, ప్రొపెల్లర్లు, తోక ఎలా ఉంటాయో ఒక్కసారి చూస్తే బొమ్మల్లో నెల రోజులు చూసినంత.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కట్టిన విమానాశ్రయానికి రాకపోకలు మారేకొద్దీ ఈ దారులూ మారతాయి. అప్పుడు పై లెక్కనే అక్కడికి వేసుకోండి: రన్‌వే కొస నుంచి దూరం కొలిచి, కిలోమీటరుకు 52 మీటర్లు.

4. ఏ వేళ, ఏ కాలం

మన తీరం తూర్పు ముఖం. పొద్దున్నే బీచ్‌లో నిలబడి సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. పక్షి, విమానం రెండూ నల్లని నీడలే. రంగులు కావాలంటే సాయంత్రం నాలుగు తర్వాత రండి. సూర్యుడు వీపు వైపు ఉంటాడు, సముద్రం మీద నుంచి వచ్చే విమానం పొట్ట, గరుడ పక్షి ఇటుకరంగు రెక్క వెలిగిపోతాయి. పొద్దున తీరిక ఉంటే బీచ్‌కు కాకుండా కొండ మీదికి వెళ్లి పడమటి వైపు చూడండి.

నీడ రూపాలతో గుర్తుపట్టడం సాధన చేయాలనుకుంటే మాత్రం పొద్దుటి ఎదురెండే మంచి బడి. సూర్యుడి దగ్గరికి బైనాక్యులర్ తిప్పవద్దు. ఒక్క క్షణం చాలు, చూపు పోతుంది. పిల్లలతో వెళ్తే మేడ నీడలోనో, చెట్టు నీడలోనో సూర్యుడు కప్పబడేలా నిలబడండి.

మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా నేల మీద వేడిగాలి కదులుతూ దూరపు రూపాలన్నీ నీళ్లలో చూసినట్టు వణుకుతాయి. గద్దలు బాగా పైకి లేచేది ఆ వేళే, కానీ విమానాన్ని గుర్తుపట్టడం కష్టం.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మబ్బు తక్కువగా ఉంటుంది, వలస పక్షులు ఉంటాయి, హార్బర్ దగ్గర సీగల్స్ చేరతాయి. తొలకరి తర్వాత ఒకటి రెండు సాయంత్రాలు వదులుకోవద్దు: ఉసిళ్లు లేచినప్పుడు గద్దలు, కాకులు, స్వాలో పిట్టలు, పసులపోలిగాళ్లు అన్నీ ఒకే చోట గాలిలో ముసురుతాయి.

5. పక్షులు: రంగు కాదు, అంచు చూడండి

ఎత్తున ఉన్న పక్షికి రంగు కనిపించదు. తోక అంచు, మెడ, కాళ్లు, రెక్క ఒంపు, ఈ నాలుగే.

5.1 గద్ద, గరుడ పక్షి, సముద్రపు గద్ద

ఈ మూడింటినీ విడదీయగలిగితే విశాఖ ఆకాశంలో సగం పని అయిపోయినట్టే.

మామూలు గద్ద తోక చివర చేప తోకలా చీలి ఉంటుంది. తోక పూర్తిగా విప్పితే చీలిక పోయి తిన్నగా అవుతుంది, అక్కడే పొరబడతాం. కాసేపు ఆగితే మళ్లీ ముడుస్తుంది.

గరుడ పక్షి తోక చివర గుండ్రం. తల, రొమ్ము తెలుపు, మిగతా ఒళ్లు ఇటుకరంగు, రెక్కల కొసలు నలుపు. పిల్ల గరుడకు ఈ రంగులు రావు, గోధుమరంగులో గద్దలాగే ఉంటుంది. అప్పుడు తోకే దిక్కు.

తెల్లపొట్ట సముద్రపు గద్ద వీటికన్నా చాలా పెద్దది, రెక్కలు చాస్తే రెండు మీటర్ల దాకా. రెక్కలు పైకెత్తి ఇంగ్లీషు వీ అక్షరంలా పట్టుకుని తేలుతుంది. పొట్ట తెలుపు, రెక్కల వెనకంచు నలుపు, తోక పొట్టిగా ముక్కోణంలా. యారాడ కొండల వైపు ఒంటరిగా లేచే పెద్ద పక్షి కనిపిస్తే తోక చూడకముందే రెక్కల ఎత్తు చూడండి.

5.2 మెడ చూసి చెప్పేవి

- తెల్లకొంగలు మెడను ముడిచి భుజాల మధ్య పెట్టుకుని, కాళ్లు వెనక్కి చాచి ఎగురుతాయి.
- గుల్లకొంగలు మెడ ముందుకు చాచి పోతాయి. ఎండ ఎక్కాక గుంపుగా సుడి తిరుగుతూ బాగా ఎత్తుకు లేస్తాయి. అచ్యుతాపురం దగ్గరి కొండకర్ల ఆవ వెళ్తే తీరిగ్గా చూడవచ్చు.
- గూడబాతులు అంత భారీ పక్షులైనా మెడ ముడుచుకునే ఎగురుతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి చలికాలంలో వస్తాయి. చాలా ఎత్తున గుంపుగా తేలుతూ ఒకేసారి ఒరిగినప్పుడు తెల్లగా మెరిసి మాయమవుతాయి. దూరం నుంచి చూసినవాళ్లు విమానాల గుంపు అనుకోవడం విన్నాను.
- నీటికాకులు మెడ చాచి, ఆపకుండా రెక్కలాడిస్తూ నల్లని వరుస కడతాయి.

5.3 చిన్నవి

స్విఫ్ట్ అనే పిట్ట రెక్కలు కొడవలిలా ఉంటాయి, తీగ మీద ఎప్పుడూ వాలదు. స్వాలో వాలుతుంది. తీగ మీద ఉంటే స్విఫ్ట్ కాదని రాసేసుకోవచ్చు. సందె చీకట్లో తోక లేకుండా, బరువుగా రెక్కలు కొడుతూ వరుసగా పోయేవి పక్షులు కావు, పండ్లు తినే పెద్ద గబ్బిలాలు.

6. విమానాలు: ఏ క్రమంలో చూడాలి

యాప్ తెరవడం చివరి మెట్టు. ముందు కన్నుతో చెప్పి, తర్వాత యాప్‌తో సరిచూసుకుంటేనే నేర్చుకుంటారు. ఈ క్రమం పాటించండి.

మొదట రెక్క ఎక్కడుందో చూడండి. ఒంటి పైభాగాన ఉండి, ప్రొపెల్లర్లు తిరుగుతుంటే అది చాలావరకు ఏటీఆర్ 72. అది జెట్ కాదు, టర్బోప్రాప్, అంటే ఇంజిన్ ప్రొపెల్లర్‌ను తిప్పే రకం. తోక ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది. రెక్కల వెడల్పు 27 మీటర్లే.

రెక్క కింది భాగాన ఉండి, రెండు ఇంజిన్లుంటే ఇక్కడ ఎక్కువగా రెండు కుటుంబాలే: ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737. తేడాలు ఇవి:

- ముక్కు: ఏ320ది గుండ్రంగా, 737ది కాస్త కోసుగా.
- తోక మొదలు: 737లో నిలువు తోక మొదట్లో ఒక మడత, మెట్టులా ఉంటుంది. ఏ320లో తిన్నగా లేస్తుంది. పక్క నుంచి చూసినప్పుడు ఇదే నమ్మదగ్గ గుర్తు.
- చక్రాలు: 737 ఎగిరాక పెద్ద చక్రాలకు తలుపు పూర్తిగా మూసుకోదు. పొట్ట మీద రెండు నల్లని గుండ్రాలు కనిపిస్తాయి. కింద నుంచి చూసేవాళ్లకు వరం ఇది.
- రెక్క కొస: 737 మ్యాక్స్‌కు ఒక ముక్క పైకి, ఒకటి కిందికి చీలి ఉంటుంది. ఏ320 నియోకు పైకి వంగిన ఒకటే ముక్క.

పైన పోయే పెద్ద జెట్‌లను ఆకారం చూసి పేరు చెప్పడం మొదటి ఏడాది ప్రయత్నించకండి. 777 రెక్కల వెడల్పు దాదాపు 65 మీటర్లు. ఏ320 పక్కన పోతే తేడా తెలుస్తుంది, ఒంటరిగా పోతే తెలియదు. ఒక్క 787 మాత్రం రెక్కలు విల్లులా పైకి వంగి ఉండటంతో దొరికిపోతుంది.

చీకటి పడ్డాక దీపాలే. ఎడమ రెక్క ఎరుపు, కుడి రెక్క ఆకుపచ్చ. ఎరుపు మీ కుడిచేతి వైపు, ఆకుపచ్చ ఎడమచేతి వైపు కనిపిస్తే విమానం మీ వైపే వస్తోంది. సముద్రం మీద కదలకుండా వెలిగే పెద్ద చుక్క రెండు మూడు నిమిషాల్లో రెండు దీపాలుగా విడిపోతే దిగడానికి వస్తున్న విమానం. విడిపోకుండా అక్కడే ఉంటే ఏదో గ్రహం.

7. బైనాక్యులర్‌లో పట్టుకోవడం

చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. బైనాక్యులర్ ముందు పెట్టుకుని ఆకాశమంతా వెతుకుతారు. అది తలకిందులు పని.

ముందు ఉత్త కంటితో చుక్కను పట్టుకోండి. చూపు దాని మీద నుంచి తీయకండి, తల కదపకండి. చేతులు మాత్రమే లేచి బైనాక్యులర్‌ను కళ్ల ముందుకు తేవాలి. దొరకలేదా? దించి మళ్లీ మొదలుపెట్టండి. రోజుకు పదిసార్లు మేడ మీద నుంచి కాకులతో చేస్తే వారంలో చేతికి వస్తుంది. మెడ పట్టేస్తే నిలబడి వెనక్కి వాలకండి. ఇసుకలో పడుకునో, వాలుకుర్చీలోనో చూడండి.

8. రెండూ ఒకే ఫ్రేములో: ఫొటో

గద్ద దగ్గరగా, పెద్దగా కావాలని ఆశపడటమే మొదటి తప్పు. దగ్గరి గద్ద స్పష్టంగా ఉంటే వెనక విమానం మసక. విమానం స్పష్టమైతే గద్ద మసక. 300 ఎంఎం లెన్స్‌తో ఎఫ్8 (లెన్స్ రంధ్రం కొలత) దగ్గర, పక్షి 200 నుంచి 300 మీటర్ల అవతల ఉంటేనే రెండూ పదునుగా పడతాయి. అందుకని దూరపు గద్దను ఎంచుకోండి. ఆ దూరంలో గద్ద, రెండు కిలోమీటర్ల అవతల ఏ320 ఉంటే ఫొటోలో విమానం గద్దకు రెండింతలు దాటి ఉంటుంది. చూడటానికి ముచ్చటైన కొలత అది.

వరస ఇలా:

1. యాప్‌లో విమానం 15 కిలోమీటర్ల దూరంలో ఉండగానే దాని దారి చూసుకోండి.
2. ఆ దారికి దగ్గరగా సుడి తిరిగే గద్దల గుంపును వెతకండి. ఒంటరి గద్దకన్నా గుంపు మేలు, ఏదో ఒకటి దారిలో పడుతుంది.
3. షట్టర్ వేగం సెకనులో 1/1600 వంతు పెట్టండి. ఏటీఆర్ అయితే 1/250కి తగ్గించండి, లేకపోతే ప్రొపెల్లర్లు గాలిలో గడ్డకట్టినట్టు పడి విమానం ఆగిపోయినట్టు ఉంటుంది.
4. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచండి. వెలుతురు ఆకాశాన్ని చూసి కెమెరా పక్షిని నల్లగా చేసేస్తుంది.
5. ఫోకస్‌ను దూరంలో స్థిరపరచి, విమానం గుంపు వెనక్కి వచ్చే రెండు సెకన్ల ముందు నుంచి వరుసగా కొట్టండి.

ఒక్క మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఇలాంటి ఫొటోలో గద్ద విమానానికి తగులుతున్నట్టే ఉంటుంది. దాన్ని "త్రుటిలో తప్పిన ప్రమాదం" అని పంచితే అది అబద్ధం, భయపెట్టే అబద్ధం. ఫొటో కింద రెండింటి మధ్య దూరం రాయండి. వేరే ఫొటోలోని పక్షిని తెచ్చి అతికించడం అసలే వద్దు.

9. హద్దులు

ఇది నౌకాదళ నగరం. విమానాశ్రయంలో అనుమతి లేకుండా ఫొటోలు తీయడాన్ని 1937 ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్ నిషేధిస్తాయి. నౌకాదళ విమానాలను, యుద్ధనౌకలను, డాక్‌యార్డును, ప్రహరీ గోడలను ఫొటో తీయకండి, యాప్‌లో కనిపించని విమానం వచ్చిందని సామాజిక మాధ్యమాల్లో సమయంతో సహా రాయకండి. నన్ను ఒకసారి రోడ్డు మీద ఆపి కెమెరాలో ఉన్నవన్నీ చూపించమన్నారు. గద్దల ఫొటోలే ఉన్నాయి, గుర్తింపు కార్డు ఉంది, పది నిమిషాల్లో వదిలేశారు. అడిగితే వాదించకుండా చూపించండి.

- డ్రోన్ వద్దు. విమానాశ్రయం చుట్టూ నిషేధం ఉంది, పైగా గద్దలు దాని మీద దాడి చేస్తాయి.
- లేజర్ లైటు ఆకాశం వైపు చూపవద్దు, పిల్లలకు ఆడుకోవడానికి కూడా ఇవ్వవద్దు.
- గద్దలను దగ్గరికి రప్పించడానికి మాంసం ముక్కలు, చేప తలలు విసరవద్దు. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు చెత్త వేయడం, జంతువులను కోయడం అవే రూల్స్‌లోని 91వ రూలు ప్రకారం నేరం. గాజువాక, ఎన్‌ఏడీ, గోపాలపట్నం, మర్రిపాలెం అన్నీ ఆ వలయంలోవే. పక్షులు విమానాలకు తగిలేది ఎక్కువగా దిగేటప్పుడు, ఎగిరేటప్పుడు, తక్కువ ఎత్తులోనే. రోడ్డు పక్కన కోడి వ్యర్థాలు కుప్పగా కనిపిస్తే, ఆ కుప్ప ఫొటో, చోటు రాసి నగరపాలక సంస్థకు ఫిర్యాదు చేయండి. ఆకాశం చూసేవాళ్లం గద్దలు ఎందుకు అక్కడ గుమిగూడాయో అందరికన్నా ముందు పసిగడతాం.

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

యాప్‌లో విమానం ఉంది, ఆకాశంలో లేదు: యాప్‌లో చూపే చోటు కొన్ని సెకన్లు వెనకబడుతుంది. దారి మీద కాస్త ముందుకు చూడండి. మబ్బు ఎత్తు కూడా గమనించండి.

ఆకాశంలో ఉంది, యాప్‌లో లేదు: నౌకాదళానిది కావచ్చు. వదిలేయండి.

నీలాకాశంలో కన్ను దేని మీదా నిలవడం లేదు: ముందు దూరపు మబ్బు అంచునో, కొండ అంచునో అయిదు సెకన్లు చూసి, ఆ చూపుతోనే పైకి జరగండి. ఖాళీ నీలంలో కన్ను దానంతటదే దగ్గరికి ఫోకస్ అయిపోతుంది.

గద్ద అనుకున్నది గాలిపటం: సంక్రాంతి రోజుల్లో ఇది అందరికీ జరుగుతుంది. ఒకే చోట ఊగుతూ ముందుకు పోకపోతే కింద దారం కోసం చూడండి. తెగిన మాంజా చెట్టుకు వేలాడుతుంటే చుట్టి తీసుకెళ్లి పారేయండి. గద్దల రెక్కలు తెగేది దానివల్లే.

మెర్లిన్ తప్పు పేరు చెప్పింది: బీచ్‌లో అలల చప్పుడు, బండ్ల హారన్ల మధ్య శబ్దంతో గుర్తింపు నమ్మవద్దు. ఫొటోతో అడగండి.

11. నోటుబుక్‌లో ఏం రాయాలి

చూసిన వెంటనే, పేరు తెలియకముందే రాయాలి. పేరు తెలిశాక రాస్తే, చూడనివి కూడా చూసినట్టు రాసేస్తాం. ఒక్కో చుక్కకు ఒక్కో వరుస:

☐ తేదీ, సమయం, నిలబడిన చోటు
☐ గాలి ఎటు నుంచి (బీచ్‌లో జెండా, పొగ చూసి)
☐ ఎన్ని పిడికిళ్ల ఎత్తున (సముద్రం, ఆకాశం కలిసే గీత నుంచి కొలవాలి)
☐ దారి: తిన్నగా, సుడి, ఊగుతూ
☐ అంచు: తోక, మెడ, రెక్క
☐ నా ఊహ
☐ సరిచూసుకున్నాక తేలింది

చివరి రెండు గళ్లు వేరువేరుగా ఉండాలి, ఊహ తప్పయితే కొట్టేయకండి. నెలయ్యాక ఆ రెండు గళ్లనూ పక్కపక్కన పెట్టి చదివితే మీ కన్ను ఏ వేళ, ఏ చోట, దేన్ని దేనిగా పొరబడుతోందో తెలిసిపోతుంది. నా పుస్తకంలో మొదటి నెల పొరపాట్లలో ఎక్కువ భాగం మధ్యాహ్నం రెండింటికి, కైలాసగిరి మీద, నెత్తికి పైన చూసినవే. ఆ తర్వాత నెల ఆ వేళకు వెళ్లి పడుకుని, కొబ్బరి మట్ట అంచును గుర్తుగా పెట్టుకుని, ఒక్కో చుక్కకు పది సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.